మా కంప్లయింట్ ఎవరు క్లోజ్ చేశారో చెప్పండి

పి. గన్నవరం మండలం,
డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా
జులై 28

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: జూన్ 12న మీ టెక్నీషియన్ బిగించిన కమోడ్, ఆ తర్వాత మీరు క్లోజ్ చేసిన మూడు కంప్లయింట్లు.

అయ్యా,

మీ కమోడ్ మంచిది కాదని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. పింగాణీ బాగానే ఉంది, ఎక్కడా చిన్న పగులు కూడా లేదు. మీ మనిషి దాన్ని వంకరగా బిగించి వెళ్ళాడు. పొరపాట్లు ఎవరైనా చేస్తారు, మర్నాడు వచ్చి సరిచేసి ఉంటే నేను ఆ సంగతే మర్చిపోయేదాన్ని. కానీ నలభై ఆరు రోజుల్లో పదిహేడు ఫోన్లు చేశాను. మా ఇంటికొచ్చి ఒక్కసారి వంగి చూసినవాళ్ళు లేరు. చూడకుండానే "మీ సమస్య పరిష్కరించబడింది" అని మూడుసార్లు మెసేజ్ పంపారు. నా కోపమంతా ఆ మూడు మెసేజ్‌ల మీదే.

ఫోన్‌లో ఒకమ్మాయి తప్ప ఎవరూ పూర్తిగా చెప్పనివ్వలేదు కాబట్టి మొదటినుంచి రాస్తున్నాను.

మా అత్తయ్యకి డెబ్భై నాలుగేళ్ళు. మే నెలలో మోకాలి ఆపరేషన్ అయింది. ఇక కింద కూర్చోకూడదని డాక్టర్ గారు గట్టిగా చెప్పారు. అందుకే కింద కూర్చునే పాత బేసిన్ తీయించి కమోడ్ పెట్టించాం. రావులపాలెంలో షాపాయన తక్కువ ధరలో వేరే కంపెనీవి చూపించినా, నేనే మీది కావాలన్నాను. 2011లో ఇల్లు కట్టుకున్నప్పుడు కుళాయిలన్నీ మీ కంపెనీవే వేయించాం. మా ఆడపడుచు ఇంటికీ, మా తమ్ముడింటికీ మీవే కొనండని చెప్పింది నేనే. బిగించడం ఉచితం, కంపెనీ మనిషే వస్తాడు అన్నారు. అదింకో ధైర్యం.

మీ టెక్నీషియన్ సాయంత్రం ఐదింటికి వచ్చాడు. ఇంకా రెండిళ్ళకి వెళ్ళాలని వచ్చీ రాగానే చెప్పాడు. నేను టైలర్‌ని. టేపు పెట్టకుండా గుడ్డ మీద కత్తెర వెయ్యను. ఆయన సంచిలో మట్టం సరిచూసే రసమట్టం కనిపించకపోతే అడిగాను. "కంటికి తెలిసిపోతుంది మేడమ్" అన్నాడు. స్నానాల గది నేల ఎక్కడైనా నీళ్ళు పోయే జాలీ వైపు వాటంగానే ఉంటుంది, లేకపోతే నీళ్ళు నిలిచిపోతాయి కదా. ఆ వాటం నేల మీద కమోడ్‌ని అలాగే కూర్చోబెట్టి రెండు స్క్రూలు తిప్పాడు. ఎడమవైపు స్క్రూ పట్టలేదు, ఊరికే తిరుగుతూ ఉంది. బెజ్జం పెద్దదైపోయినట్టుంది. దాని మీద టోపీ పెట్టేసి, చుట్టూ తెల్ల సిమెంటు పూసి, నా ఫోన్‌కి వచ్చిన ఓటీపీ తీసుకుని వెళ్ళిపోయాడు. మొత్తం ముప్పావుగంట.

నాలుగో రోజుకి తెల్ల సిమెంటు మీద వెంట్రుకంత గీత వచ్చింది. ఆరో రోజుకి అది చుట్టూ తిరిగింది. అత్తయ్య కూర్చున్నప్పుడు కమోడ్ ఎడమవైపుకి ఒరిగేది, లేచినప్పుడు టక్కుమని వెనక్కి వచ్చేది. లేచాక ఎడమవైపు నేలకీ దానికీ మధ్య రూపాయి బిళ్ళ దూరిపోయేది. వాసన మొదలైంది. అత్తయ్య మాత్రం మూడు రోజులు నాకు చెప్పలేదు. చివరికి, "నా బరువుకే కదిలిపోయిందేమోనమ్మా, కొత్తది పాడుచేశాను" అంది. ఆవిడ నలభై ఏడు కిలోలు ఉంటుంది.

అప్పుడు మీకు ఫోన్ చేశాను. తెలుగు కోసం రెండు నొక్కితే హిందీ మాట్లాడే అబ్బాయి వచ్చాడు. తెలుగువాళ్ళకి కలుపుతానని పదకొండు నిమిషాలు పాట వినిపించాడు, తర్వాత లైను పోయింది. మళ్ళీ చేస్తే ఒకమ్మాయి కంప్లయింట్ రాసుకుంది, మర్యాదగానే మాట్లాడింది. ఈ మొత్తంలో నన్ను పూర్తిగా విన్నది ఆ అమ్మాయి ఒక్కతే, ఆమె మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

రెండు రోజులకి ఒకాయన ఫోన్ చేసి, "మేడమ్, గన్నవరం ఎయిర్‌పోర్ట్ దగ్గర ఉన్నాను, ఇల్లెక్కడ?" అన్నాడు. అది విజయవాడ పక్క గన్నవరం బాబూ, మాది కోనసీమ గన్నవరం, వైనతేయ నది మీద కాలువని దాటించే ఆక్విడక్టు ఉన్న ఊరు అని చెప్పాను. పిన్‌కోడ్ 533తో మొదలవుతుంది, బిల్లు మీద ఉంది చూసుకోమన్నాను. ఆయన తప్పేం లేదు, పాపం ఆయనకి ఇచ్చిన అడ్రసు అది. కానీ ఆ సాయంత్రమే నాకు మెసేజ్ వచ్చింది: కస్టమర్ ఇంట్లో లేరు, కంప్లయింట్ క్లోజ్. మా అత్తయ్యని వదిలి నేను ఆ వారమంతా వీధి చివరి కొట్టుకి కూడా వెళ్ళలేదు.

రెండో కంప్లయింట్‌కి ఒక సూపర్‌వైజర్ మాట్లాడాడు. నేను రెండు వాక్యాలు చెప్పగానే, "సర్‌కి ఇవ్వండి మేడమ్" అన్నాడు. మావారు కువైట్‌లో ఉన్నారు, నాతోనే మాట్లాడండి అంటే, "అయితే సర్ వచ్చాక చేయండి" అన్నాడు. బిల్లు నా పేరు మీద ఉంది. డబ్బు నా బ్యాంకు ఖాతాలోంచి కట్టాను. బిగిస్తున్నంతసేపూ గుమ్మంలో నిలబడి చూసింది నేను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ కుట్టు మిషన్ మీద నా చెయ్యి ఆగిపోతుంది.

నీళ్ళు కారుతున్నట్టు రుజువేంటి అని కూడా ఆయనే అడిగాడు. సరే, రుజువు చూపిద్దామని ఫ్లష్ ట్యాంకులో బట్టల నీలిమందు కలిపి, చుట్టూ నేల పొడిగుడ్డతో తుడిచి, ఫ్లష్ చేశాను. ఎడమ పక్కన సిమెంటు గీతలోంచి నీలం రంగు దారంలా బయటికొచ్చి టైల్స్ సందులోకి పాకింది. వీడియో తీసి పంపాను. ఓపెన్ అవ్వట్లేదన్నారు. మళ్ళీ పంపాను. ఫోటో పంపమన్నారు. పంపాను. అప్పుడు, "మీ నేల కుంగింది, కంపెనీకి సంబంధం లేదు" అని రెండోసారి క్లోజ్ చేశారు.

నేల కుంగిందో లేదో మీకెలా తెలిసింది? మా తాపీ మేస్త్రి రసమట్టం తెచ్చి నేల మీద పెట్టి చూశాడు. ఆయన వేసిన వాటం వేసినట్టే ఉంది, ఒక్క టైలూ దిగలేదు. అదే రసమట్టం కమోడ్ మీద అడ్డంగా పెడితే బుడగ గీతలు దాటి కుడి చివరికి పోయింది. పద్ధతేంటో కూడా ఆయనే చెప్పాడు. ముందు గొట్టం చివర నేలకి సమంగా ఉందో లేదో చూసుకోవాలి, కమోడ్ మూతి రబ్బరులో నిండుగా కూర్చోవాలి. పల్లం వైపు అడుగున ఎత్తు సరిచేసే సన్న చీలికలు పెట్టి నిలువునా అడ్డంగా రెండు వైపులా మట్టం సరిచూడాలి. అప్పుడు రెండు స్క్రూలూ కొంచెం కొంచెంగా మార్చి మార్చి బిగించాలి. ఒకేసారి బిగిస్తే పింగాణీ పగులుతుంది. చుట్టూ సిలికాన్ వేసి వెనకవైపు వేలెడు జాగా వదలాలి, లోపల ఎక్కడైనా కారితే బయటికి తెలుస్తుంది. కదిలే కమోడ్‌కి ఎంత సిమెంటు పూసినా నిలవదట, కదిలినప్పుడల్లా లోపల రబ్బరు పట్టు వదులుతుందట.

ఆయనే గంటలో చేసేస్తానన్నాడు. కానీ బయటివాళ్ళు ముట్టుకుంటే వారంటీ పోతుందని మీ వాళ్ళు నాతో నాలుగుసార్లు చెప్పారు. మీరు రారు, ఇంకొకర్ని రానివ్వరు. మాది రెండడుగులు తవ్వితే నీళ్ళూరే నేల. వానలు మొదలయ్యాక సెప్టిక్ ట్యాంకు ఇప్పటికే నిండుగా ఉంది. ఆ నీళ్ళు టైల్స్ కిందకి దిగితే రేపు గది మొత్తం తవ్వించాలి. ఆ ఖర్చు ఎవరిది?

మూడో కంప్లయింట్ జులై 21న క్లోజ్ అయింది. కారణం: కస్టమర్ తృప్తి చెందారు. ఆ రోజు నాతో ఎవరూ మాట్లాడలేదు, నేనెవరికీ ఓటీపీ చెప్పలేదు. పది నిమిషాలకి ఇంకో మెసేజ్, మా సేవకి ఎన్ని స్టార్లు ఇస్తారని. నేను తృప్తి చెందానని రాసింది ఎవరు? వాళ్ళ పేరు నాకు కావాలి. నా పేరు పెట్టి నేను అనని మాట రాసే హక్కు మీకెవరిచ్చారు?

ఇప్పుడు మా అత్తయ్య ప్లాస్టిక్ కమోడ్ కుర్చీ మీద కూర్చుంటోంది. రోజుకి మూడుసార్లు దాన్ని నేను కడుగుతాను. నాకు కష్టం లేదు. ఆవిడ మాత్రం నేను కడుగుతున్నంతసేపూ గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకుంటుంది. పద్నాలుగేళ్ళు దాటింది మీ కుళాయిలు వాడబట్టి, మీకు చెప్పుకుంటే వింటారనుకున్నాను.

ఈ ఉత్తరం స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. ఆగస్టు 10 లోపు కమోడ్ తీసి, రబ్బరు కొత్తది వేసి, మట్టంగా బిగించి, నీళ్ళు కారట్లేదని నా ఎదురుగా చూపించాలి. లేదంటే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీ ఆఫీసు ఎక్కడున్నా నేనున్న చోటే కేసు వేయొచ్చు, సామానుకి కట్టింది 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. నా దగ్గర మూడు క్లోజ్ మెసేజ్‌లూ, నీలిమందు వీడియో, కొలతల పుస్తకం వెనక పేజీల్లో రాసుకున్న పదిహేడు ఫోన్ల తేదీలూ టైములూ ఉన్నాయి. మా ఆడపడుచు, మా తమ్ముడు కూడా సాక్ష్యం చెప్తారు. ఈ కోనసీమలో నాకు తెలిసినవాళ్ళెవరూ ఇక మీ సామాను కొనకుండా చూసే పూచీ నాది.

వచ్చే మనిషికి పిన్‌కోడ్ చూసి అడ్రసు ఇవ్వండి. రసమట్టం తెచ్చుకోమనండి. సర్ ఉన్నారా అని అడగొద్దని చెప్పండి, నేను ఇంట్లోనే ఉంటాను.

ఇట్లు,
బిల్లు మీద పేరున్న మీ కస్టమర్