నగర సందర్శన ఉపసంఘం వార్షిక నివేదిక – విశాఖపట్నం

సభ్యులందరికీ నమస్కారం.

ఊరికి చుట్టాలొస్తే మనందరం చేసేది ఒకటే: పొద్దున కైలాసగిరి, మధ్యాహ్నం సింహాచలం, సాయంత్రం ఆర్కే బీచ్. ఒక్క రోజులో అన్నీ చుట్టేయాలన్న ఆత్రంలో ఏదీ చూసినట్టుండదు. అందుకే ఈ ఏడాది కార్యక్రమాలు తగ్గించి, ఏ చోటు ఏ వేళకు బాగుంటుందో చూసి సమయాలు మార్చాం.

ఎర్రమట్టి దిబ్బలు

ఎక్కువ శ్రమ పెట్టింది ఇక్కడే. భీమిలికి కాస్త ముందు, బీచ్ రోడ్డు పక్కనే ఉన్న ఈ దిబ్బలను జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. వేల ఏళ్ల కిందట గాలి మోసుకొచ్చి పోసిన ఇసుక ఇది. అందులోని ఇనుప ఖనిజాలు గాలికి, తేమకు తుప్పు పట్టి రేణువుల మీద ఎర్రటి పూతలా అంటుకున్నాయి. గోడల్లా నిలువుగా ఉన్నా లోపల రాయి లేదు, రేణువులను పట్టి ఉంచేది కొద్దిపాటి బంకమట్టే. వాన నీరు ఆ బంకను కడిగేస్తే గోడ అడుగు బోలవుతుంది. పైన అంచు మీద ఫొటోకు నిలబడితే కాలి కింద పెళ్ల విరుగుతుంది.

అందువల్ల పెట్టుకున్న నియమాలు ఇవి. నీరు పారి చేసిన దారిలోనే నడవాలి, గోడలెక్కకూడదు. పైకి వెళ్లినవాళ్లు అంచుకు రెండు మీటర్ల ఇవతలే ఆగాలి. వాన పడితే తర్వాతి రెండు రోజులు కార్యక్రమం ఉండదు. కుండీలకని మట్టి ఎత్తుకెళ్లడం పూర్తిగా బంద్. పిల్లలు పిడికెడు తీసినా అక్కడే పోయించాం, ఇకముందూ పోయిస్తాం. పాయలన్నీ ఒకేలా ఉండి వచ్చిన దారి తెలియదు కాబట్టి గుంపుకు ముందొకరు, వెనకొకరు తప్పనిసరి. వేళ ఉదయం 6.30 నుంచి 8.30 వరకు. ఏటవాలు ఎండలోనే గోడల మీది గాడులు స్పష్టంగా కనిపిస్తాయి. ఆ తర్వాత నీడ దొరకదు, చుట్టూ జీడిమామిడి చెట్లున్నా అవి పాయల్లోకి నీడనివ్వవు.

తొట్లకొండ

తిరుగు దారిలో ఇదే చూపించాం. 1976లో నౌకాదళం సర్వే చేస్తుండగా ఈ బౌద్ధ క్షేత్రం బయటపడింది, 1988 నుంచి 1993 దాకా రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. వచ్చినవాళ్లు స్తూపం దగ్గర ఫొటో దిగి వెనక్కి తిరుగుతారు. రాతిలో తొలిచిన నీటి తొట్ల దగ్గర పది నిమిషాలు ఆగాలని మా మనవి. కొండ మీద అంతమంది భిక్షువులు ఎలా బతికారో అక్కడే అర్థమవుతుంది. మనిషికి లీటరు నీళ్లు వెంట ఉండాలి. మంగమారిపేట ఒడ్డున ఉన్న సహజ శిలా తోరణానికి పోటు తగ్గిన వేళే వెళ్లాలి. ఆటుపోట్ల పట్టిక చూడకుండా బయల్దేరితే దూరం నుంచి చూసి రావడమే.

కురుసుర, బీచ్ రోడ్డు

1969 డిసెంబరు 18న నౌకాదళంలో చేరి, 2001 ఫిబ్రవరి 27న విరమించిన జలాంతర్గామి ఐఎన్ఎస్ కురుసుర ఇప్పుడు మ్యూజియం. పొడవు 91 మీటర్లు, ముందు 6, వెనక 4 టార్పెడో గొట్టాలు. సోమవారం సెలవు. మామూలు రోజుల్లో మధ్యాహ్నం నుంచే తెరుస్తారు, పొద్దున్నే ఆటో కట్టించుకుని వెళ్లొద్దు. లోపల దారి ఇరుకు, అరల మధ్య వంగి దాటాలి. మోకాళ్ల నొప్పులున్నవారు, గాలాడని చోట ఊపిరాడనట్టుండేవారు ఎదురుగా ఉన్న టీయూ-142 విమాన మ్యూజియంతో సరిపెట్టుకోవచ్చు. వీపు సంచులు లోపలికి తీసుకెళ్తే గోడ మీటలకు తగులుతాయి, బయట ఒకరి దగ్గర ఉంచండి.

సముద్రం గురించి గట్టిగానే చెప్పాలి. ఆర్కే బీచ్, యారాడ ఎక్కడైనా మోకాళ్ల లోతు దాటొద్దు. అలలు విరిగే వరుసలో మధ్యన ఒకచోట నీరు నిమ్మళంగా, కాస్త మట్టిరంగులో కనిపిస్తే అది స్నానానికి మంచి చోటని దిగుతారు. నిజానికి ఒడ్డుకొచ్చిన నీరంతా తిరిగి లోపలికి పోయే దారి అదే, రిప్ కరెంట్. చిక్కినవాళ్లు ఒడ్డు వైపు ఈదితే అలసిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, అలలు విరిగే చోటికి వచ్చాక ఒడ్డుకు మళ్లాలి. ఈత రానివాళ్లను కాపాడటానికి ఒట్టి చేతులతో దూకొద్దు, తేలే వస్తువేదైనా విసరండి, లైఫ్‌గార్డును పిలవండి.

సింహాచలం గిరి ప్రదక్షిణ

ఆషాఢ పౌర్ణమికి సుమారు 32 కిలోమీటర్ల దారిలో నడిచేవారికి ఎప్పటిలాగే నీళ్లు, మజ్జిగ, ఓఆర్‌ఎస్ ఇచ్చాం. పెద్ద ప్యాకెట్ ఒకటి సరిగ్గా లీటరు నీటికి. చిన్న సీసాలో మొత్తం పోస్తే చిక్కనై దాహం పెరుగుతుంది. కాబట్టి ఇకపై విడి ప్యాకెట్లు పంచం, కలిపి గ్లాసుల్లోనే ఇస్తాం. తడి రోడ్డు మీద చెప్పుల్లేకుండా నడిచే పాదాలు నాని తొందరగా బొబ్బలెక్కుతాయి, పొడి తువ్వాళ్లు ఎక్కువ కావాలి.

అరకుకు పొద్దున రైలెక్కేవారు బొర్రా గుహల దగ్గరే దిగి, గుహలు చూసుకుని రోడ్డు దారిన అరకు చేరడం మేలు. నేరుగా అరకు పోయి వెనక్కి వస్తే రోజు చాలదు.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం.

వచ్చే ఏడాది పాత నగరంలో మూడు కొండల నడక పెట్టాలని ప్రతిపాదన. హార్బరు ముఖద్వారం దగ్గర వరుసగా ఉన్న రాస్ హిల్ చర్చి, దర్గా కొండ, వేంకటేశ్వరస్వామి కొండ ఒకే పూటలో పూర్తవుతాయి. ఆదివారం చర్చిలో ప్రార్థన, శుక్రవారం దర్గాలో నమాజు, శనివారం స్వామి కొండ మీద రద్దీ. అందుకని సోమ, మంగళ, బుధ, గురువారాల్లో పడే ప్రభుత్వ సెలవులే అనువైనవి. ఏ సెలవు అయితే ఎక్కువమందికి వీలవుతుందో సర్వసభ్య సమావేశంలో తేల్చుకుందాం.