ఇంజిన్ వణికితే నాలుగు కాయిల్స్ మార్చాల్సిందేనా?

సంపాదకులకు నమస్కారం.

బెంగళూరు సిల్క్ బోర్డు కూడలి దగ్గర సిగ్నల్ పడి బండి ఆగగానే స్టీరింగ్ వణుకుతుంది, ఆర్‌పీఎమ్ ముల్లు 800 దగ్గర నిలవక ఊగుతుంది, యాక్సిలరేటర్ తొక్కితే సర్దుకుంటుంది. పెట్రోలు కారులో ఈ మిస్సింగ్ (సిలిండర్‌లో పెట్రోలు సరిగ్గా మండకపోవడం) గురించి చెబితే బెంగళూరు గ్యారేజీల్లో చాలాచోట్ల దొరికే జవాబు ఒకటే: నాలుగు స్పార్క్ ప్లగ్గులు, వాటికి కరెంటిచ్చే నాలుగు కాయిల్స్, పనిలో పనిగా పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ల క్లీనింగ్. ఏ పరీక్షా లేకుండానే బిల్లు తయారు!

ముందు కారు కంప్యూటర్‌లోని తప్పుల కోడ్‌లు చదివే స్కానర్ పెట్టించండి. పీ0301 అని వస్తే ఒకటో సిలిండర్, పీ0303 అయితే మూడోది. అలా ఒక్క సిలిండరే చూపిస్తే ఆ కాయిల్ తీసి పక్క సిలిండర్‌కు బిగించి, కోడ్ చెరిపి, ఓ పది నిమిషాలు ఐడ్లింగ్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా) ఉంచాలి. కోడ్ కూడా పక్క సిలిండర్‌కు మారితే తప్పు కాయిల్‌దే. మారకపోతే ప్లగ్గును అలాగే మార్చి చూడాలి. ఇంజెక్టర్ విప్పడం పెద్ద పని కాబట్టి దాని వంతు చివర్న. ఇంజిన్ నడుస్తుండగా కాయిల్ కనెక్టర్ పీకి చూసే అలవాటు మాత్రం మానాలి. కాలని పెట్రోలు, పొగను శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని కాల్చేస్తుంది. చెక్ ఇంజిన్ లైటు మినుకుమినుకుమంటే బండి నడపొద్దనేదీ అందుకే.

ప్లగ్గు తీసినప్పుడు తెల్ల పింగాణీ మీద పైనుంచి కిందికి పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్లగీత ఉందేమో చూడండి. అది కరెంటు పక్కదారి పట్టిన జాడ. ప్లగ్గు మీద తొడిగే కాయిల్ రబ్బరు బూటు లోపలా అలాంటి గీతే ఉంటుంది. ప్లగ్గొక్కటే మార్చి పాత బూటు తొడిగితే స్పార్క్ మళ్లీ ఆ దారినే వెదుక్కుంటుంది, మిస్సింగ్ తిరిగొస్తుంది. ప్లగ్గు గుంతలో నూనె ఉంటే వాల్వ్ కవర్ సీల్ పోయినట్టు. నీళ్లుంటే ప్రెషర్ వాష్‌నో వాననో అనుమానించాలి.

పీ0300 (ఏదో ఒక్కటని కాక పలు సిలిండర్లలో మిస్సింగ్) వస్తే ఒక సిలిండర్‌ను పట్టుకుని లాభం లేదు, గాలి వైపు చూడాలి. ఐడ్లింగ్‌లో ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోలును ఎంత శాతం పెంచిందో, తగ్గించిందో చెప్పే అంకె) +20 దాటి, 2500 ఆర్‌పీఎమ్ దగ్గర మామూలుకు దిగితే వ్యాక్యూమ్ లీకు, అంటే ఏదో చిల్లులోంచి లెక్కకు రాని గాలి ఇంజిన్‌లోకి చొరబడుతోంది. గాలిని లోపలికి వదిలే థ్రాటిల్ దాదాపు మూసి ఉన్నప్పుడు ఇంజిన్ పీల్చే గాలే కొంచెం, అందులో దొంగదారి గాలి వాటా ఎక్కువ. ఇంజిన్ లోపలి ఆవిరిని తిరిగి పీల్చే పీసీవీ పైపును, బ్రేకుకు బలమిచ్చే బూస్టర్ పైపును ఒక్కొక్కటిగా నొక్కిపట్టండి. వణుకు తగ్గిన చోటే చిల్లు. ఎమ్ఏఎఫ్‌కు (వచ్చే గాలిని కొలిచే సెన్సార్) బదులు గాలి ఒత్తిడిని కొలిచే మ్యాప్ సెన్సార్ ఉన్న బండ్లలో ట్రిమ్ అంతగా కదలదు, ఐడ్లింగే పెరుగుతుంది. కాబట్టి ట్రిమ్ బాగుందని లీకు లేదనుకోకూడదు.

ఇవన్నీ సరిగ్గా ఉంటేనే కంప్రెషన్ టెస్టు, అంటే సిలిండర్‌లో గాలి ఎంత ఒత్తిడికి చేరుతుందో కొలవడం. ఇక్కడో మెలిక ఉంది. బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది, గాలి పలచన. పుస్తకంలో 180 పీఎస్ఐ అని ఉంటే ఇక్కడ ఆరోగ్యంగా ఉన్న ఇంజినూ 165 దగ్గరే ఆగుతుంది. అది చూసి పిస్టన్ రింగులు పోయాయని ఇంజిన్ దింపేవాళ్లున్నారు! నాలుగు సిలిండర్లనూ ఒకదానితో ఒకటి పోల్చాలి. ఒకటి మిగతావాటికంటే 15 శాతానికి మించి పడిపోతే అందులో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులైనా హెడ్ గాస్కెట్టైనా పోయినట్టు.

కోడ్ ఏమీ లేదు, ముల్లు ఊగడం లేదు, అయినా ఆటోమేటిక్ బండి 'డి'లో బ్రేక్ మీద ఉంటే వణికి 'ఎన్'లో శాంతిస్తుందా? ముందు ఇంజిన్‌ను మోసే రబ్బరు మౌంటింగులు చూడమనండి.

గ్యారేజీల వారికి ఒక విన్నపం: వచ్చిన కోడ్, ట్రిమ్ అంకెలు, ఏ కాయిల్‌ను ఎక్కడికి మార్చి చూశారో బిల్లు మీద రెండు ముక్కలు రాయండి. వాహనదారులు కూడా, కాయిల్ మార్చామంటే పాతది బూటుతో సహా అడిగి తీసుకోవాలి.

ఇట్లు,
ఒక ఆటోమొబైల్ మెకానిక్,
బెంగళూరు