క్రాస్ కాని సాక్ష్యం

సంపాదకుడి గారికి నమస్కారాలు.

యుద్ధానికి దిగే ప్రభుత్వానికి మనకు తెలియని రహస్యాలు తెలుస్తాయి, నమ్మడం తప్ప ప్రజలు చేయగలిగిందేమీ లేదు అని ఈ శీర్షికలో ఒక పాఠకుడు రాశారు. నేను ముప్ఫై ఒక్క ఏళ్లు కోర్టులో బెంచ్ క్లర్కుగా పనిచేసి దిగినవాణ్ని. ఆ మాట మింగుడుపడలేదు. సాక్షి ఎంత పెద్దమనిషైనా, చీఫ్ ఎగ్జామినేషన్ (తనవైపు వకీలు అడిగి చెప్పించేది) అయ్యాక అవతలి వకీలు క్రాస్ చేయాల్సిందే, అంటే ఎదురు ప్రశ్నలతో నిలదీయాల్సిందే. దానికి నిలవని వాంగ్మూలంతో పొలం గట్టు కూడా జానెడు జరగదు.

మరి 2003లో, నిషిద్ధ ఆయుధాలు దాచిందంటూ ఇరాక్ మీదికి అమెరికా, బ్రిటన్ సైన్యాలు ఎలా కదిలాయి? ఆ ఫిబ్రవరి 5న అమెరికా విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్ ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో చిన్న సీసా ఎత్తి చూపించారు. చెంచాడు కూడా లేని ఆంత్రాక్స్ అనే ప్రాణాంతక రోగక్రిముల పొడి తమ సెనేట్‌ను మూయించిందని చెప్పారు. ఇరాక్‌లో లారీల మీద తిరిగే జీవాయుధ ప్రయోగశాలలున్నాయనీ, కళ్లారా చూసిన ఇంజినీరే చెప్పాడనీ అన్నారు. ఆ ఇంజినీరు జర్మనీలో తలదాచుకున్న ఇరాకీ. గూఢచారులు పెట్టిన మారుపేరు కర్వ్‌బాల్. అతను చెప్పింది జర్మన్లకు. వాళ్లు రాసుకున్నది అమెరికన్లకు చేరింది. అమెరికా గూఢచార సంస్థ సీఐఏ అతన్ని ఎదుట కూర్చోబెట్టుకుని అడిగింది 2004లో, అంటే అప్పటికే బాగ్దాద్ పడిపోయి ఏడాది కావస్తోంది. అదంతా కల్పించి చెప్పానని 2011లో అతనే ఒప్పుకున్నాడు.

ఇరాక్ నైజర్ దేశం నుంచి యురేనియం కొనబోయిందన్న కాగితాలు అసలైనవి కావని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ అధిపతి ఎల్‌బరాదీ మార్చి 7న మండలికి చెప్పారు. తనిఖీలు ముగించడానికి ఏళ్లు అక్కర్లేదు, వారాలు చాలవు, నెలలు కావాలని ఐక్యరాజ్యసమితి ఆయుధ తనిఖీదారుల పెద్ద హాన్స్ బ్లిక్స్ అన్నదీ ఆ రోజే. మా భాషలో చెప్పాలంటే వాయిదా అడిగారు. దొరకలేదు. 20న బాంబులు పడ్డాయి.

అప్పటి ఇరాక్ అధినేత సద్దాం సత్యసంధుడేమీ కాదు. 1988లో హలబ్జాలో కుర్దుల మీద విషవాయువు చల్లించినవాడు. కాబట్టి అప్పటి అమెరికా అధ్యక్షుడు బుష్, బ్రిటన్ ప్రధాని బ్లెయిర్ తమ మాట తాము నమ్మే ఉండవచ్చు. నేను తప్పుపట్టేది నమ్మకాన్ని కాదు. ఇరాక్ 45 నిమిషాల్లో రసాయన ఆయుధాలు ప్రయోగించగలదని బ్రిటన్ 2002 సెప్టెంబరు పత్రంలో వేసింది. ఆ సమాచారం యుద్ధరంగంలో వాడే చిన్న ఆయుధాల గురించేనన్న ముక్క అందులో లేదు. ఆధారాలకు మించిన ధీమాతో చెప్పారని ఆ యుద్ధంపై బ్రిటన్ జరిపించిన చిల్‌కాట్ విచారణ 2016లో తేల్చింది. ‘ఉండవచ్చు’ అన్న సాక్ష్యాన్ని ‘ఉంది’ అని డిపాజిషన్‌లో (సాక్షి వాంగ్మూలం రాసే కాగితంలో) ఎక్కిస్తే మా కోర్టులో నా ఉద్యోగం ఊడేది.

ఆ మార్చిలో మా బావమరిది కువైట్‌లో ఒక ఇంట్లో డ్రైవరు. యజమాని కిటికీ సందులన్నిటికీ టేపు అంటించాడట. ఒక రాత్రి ఫోన్లో, వెనక సైరన్ వినిపిస్తూ ఉండగా, "బావా, ఆ విషం గాలి నిజంగా ఉందంటావా?" అని అడిగాడు. అంత పెద్దవాళ్లు చెబుతున్నారు కదరా, ఉండే ఉంటుందన్నాను. పగలంతా సాక్షులను చూసే నేనే!

ఆ ఆయుధ నిల్వలేవీ లేవని అమెరికా స్వయంగా పంపిన నిపుణుల బృందమే 2004లో చెప్పింది.

పత్రికలకూ ఇందులో వాటా ఉంది. తమ వార్తల్లో కొన్నింటిని ఉండాల్సినంత నిలదీయలేదని న్యూయార్క్ టైమ్స్ సంపాదకులు 2004 మేలో రాసుకున్నారు. కాబట్టి మీకు నా విన్నపం ఒక్కటే. ఇకముందు ఏ దేశమైనా, మన దేశమైనా సరే, యుద్ధానికి కారణం చెప్పినప్పుడు ఆ మాట ఎవరు చెప్పారు, చెప్పినవాణ్ని ఎవరు ప్రశ్నించారు అన్న రెండు సంగతులు మొదటి పేజీలోనే వేయండి. జాగా చాలకపోతే ఆ రోజు మా లేఖలు ఆపేసినా ఫర్వాలేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత కోర్టు ఉద్యోగి,
రాయచోటి