పొడవాటి రాగి హెచ్‌డీఎంఐ కేబుల్ ఇక గోడలో వేయం

తిరుపతిలో మా దగ్గర హోమ్ థియేటర్ పెట్టించుకున్నవాళ్లకు, ఇప్పుడు ఇల్లు కట్టుకుంటూ మమ్మల్ని అడుగుతున్నవాళ్లకు నమస్కారం. ఇకమీదట ఏడు మీటర్లు దాటిన దూరానికి మామూలు రాగి హెచ్‌డీఎంఐ కేబుల్ (బొమ్మను, శబ్దాన్ని కలిపి టీవీకో ప్రొజెక్టర్‌కో మోసే వైరు) మేం వేయం. ఇదివరకు మేం వేసినదాంట్లో తేడా వస్తుంటే షాపుకు చెప్పండి. వచ్చి చూస్తాం, కూలి తీసుకోం.

తిరుచానూరు రోడ్డులో ఒక ఇంట్లో జరిగింది చెబుతాను. రిసీవర్, అంటే బొమ్మను ప్రొజెక్టర్‌కు, శబ్దాన్ని స్పీకర్లకు పంపే పెట్టె, కింద గూట్లో ఉంది. అక్కడి నుంచి గోడెక్కి, ఫాల్స్ సీలింగ్ మీదుగా ప్రొజెక్టర్ దాకా పన్నెండు మీటర్ల పైమాటే. పదిహేను మీటర్ల రాగి కేబుల్ వేశాను. సెట్ టాప్ బాక్సు పెట్టి చూస్తే బొమ్మ చక్కగా వచ్చింది. రెండేళ్లు ఏ గొడవా లేదు. మొన్న వాళ్లబ్బాయికి 4కె గేమ్ కన్సోల్ కొన్నారు. "ఏమప్పా, బొమ్మ పోతాంది, మళ్లా వస్తాంది" అని పెద్దాయన ఫోన్ చేశారు. వెళ్లి చూస్తే చీకటి సీన్లలో తెల్ల చుక్కలు మిణుకుమంటున్నాయి. ఉన్నట్టుండి తెరంతా నల్లబడి, మూడు సెకన్లకు మళ్లీ వెలుగుతోంది. ప్రొజెక్టర్ పోయిందేమోనని ఆయనకు టెన్షన్. కన్సోల్‌ను నిచ్చెన మీద పెట్టి రెండు మీటర్ల కేబుల్‌తో నేరుగా కలిపాను. ఒక్క చుక్క లేదు. తేడా గోడలోని కేబుల్‌దే.

1080పి, అంటే ఫుల్ హెచ్‌డీ బొమ్మ సెకనుకు 60 ఫ్రేములతో పోవాలంటే సెకనుకు దాదాపు నాలుగున్నర గిగాబిట్ల డేటా చాలు. అదే 4కె పూర్తి రంగులతో అయితే 18 గిగాబిట్లు కావాలి. వేగం పెరిగేకొద్దీ, పొడవు పెరిగేకొద్దీ రాగిలో సిగ్నల్ నీరసిస్తుంది. పాత ఏవీ వైర్లలో అయితే బొమ్మ కొంచెం మసకబారేది, మనకు ముందే తెలిసేది. హెచ్‌డీఎంఐ అలా కాదు, ఓపిక ఉన్నంతవరకు బాగా ఇచ్చి, ఆ గీత దాటగానే ఆగిపోతుంది. ఆ రోజు నేను 4కెతో పరీక్షించకుండా అప్పజెప్పడం తప్పే.

అంతకంటే పెద్ద తప్పు, పైపు వేయకపోవడం. గృహప్రవేశం ముహూర్తం దగ్గరపడిందని కేబుల్‌ను గాడిలో పెట్టి ప్లాస్టరింగ్ చేయించేశాం. ఇప్పుడు గోడ కొట్టాల్సి వచ్చింది, ఫాల్స్ సీలింగ్ రెండు చోట్ల విప్పాల్సి వచ్చింది. ఆ ఖర్చంతా మేమే పెట్టుకున్నాం, పెయింటింగ్‌తో సహా.

ఆ ఇంట్లో ఇప్పుడు ఆప్టికల్ హెచ్‌డీఎంఐ వేశాం. బొమ్మను మోసేది వెలుతురు పోయే సన్నని ఫైబర్, రెండు చివర్లలోనూ చిన్న చిప్‌లు ఉంటాయి. రాగి కంటే ఖరీదెక్కువే, కానీ ఈ దూరానికి నేను ధైర్యంగా చెప్పగలిగేది ఇదే. దీనికి దిక్కు ఉంటుంది. సోర్స్ అని రాసిన తల రిసీవర్ వైపు, డిస్‌ప్లే అని రాసిన తల ప్రొజెక్టర్ వైపు. తిరగేసి లాగితే బొమ్మ రాదు, మొత్తం మళ్లీ బయటికి లాగాలి. తల పట్టుకుని గుంజకూడదు, మూల దగ్గర మడత పడకూడదు. టీవీ శబ్దం అదే కేబుల్లో రిసీవర్‌కు తిరిగి రావాలంటే ఈఆర్క్ పనిచేసే రకమో కాదో కొనేముందే చూడాలి. 4కెలో 120 ఫ్రేములు కావాలనుకునేవాళ్లు 48 గిగాబిట్ల రకం అడగండి. పెట్టె మీద 2.1 అని హెచ్‌డీఎంఐ వెర్షన్ నంబరు ఉంటే సరిపోదు.

చిప్ పోతే కేబుల్ మొత్తం మార్చాల్సిందే. అందుకే పైపు లేకుండా ఇక మేం ఏ కేబులూ గోడలో పెట్టం. హెచ్‌డీఎంఐ తల లోహపు భాగమే దాదాపు 14 మిల్లీమీటర్ల వెడల్పు, దాని మీది ప్లాస్టిక్ ఇంకా ఎక్కువ. కాబట్టి సన్న పైపు పనికిరాదు. మూలల్లో ఎల్బో వద్దు, వంపు తిరిగిన బెండ్లు వేయించండి. లోపల ఒక లాగుడు తాడు వదలమని మేస్త్రికి చెప్పండి. కరెంటు వైర్లకు వేరే పైపు.

ఇంకా దూరమైతే, అంటే మేడ మీది గది నుంచి కింది హాలు దాకా, క్యాట్ 6 వైరు (ఇంటర్నెట్‌కు వాడే రకం) వేసి రెండు చివర్లా హెచ్‌డీబేస్‌టీ పెట్టెలు, అంటే హెచ్‌డీఎంఐ బొమ్మను ఆ వైరు మీదుగా పంపి అందుకునేవి, పెట్టొచ్చు. అసలు రాగి వైరే ఉండాలి, రాగి పూత పూసిన అల్యూమినియం వద్దు. మధ్యలో ఇంటర్నెట్ స్విచ్ పెట్టకూడదు.

స్లాబు వేయకముందే ఒకసారి పిలవండి, పైపు ఎక్కడెక్కడ పోవాలో గోడ మీద సుద్దతో గీసి ఇస్తాం. పాత ఇళ్లకు వచ్చేటప్పుడు 4కె బొమ్మ ఇచ్చే పెట్టె మేమే తెస్తాం, మీ ఎదురుగానే గంటసేపు ఆడించి చూపిస్తాం.