పాకలో పెట్టిన జెట్‌స్కీ సంగతి

ఒరే తమ్ముడూ,

అందరూ ఎలా ఉన్నారు? అమ్మ బీపీ మాత్రలు రోజూ వేసుకుంటుందో లేదో కాస్త చూస్తూ ఉండు, అడిగితే వేసుకున్నా అంటది గానీ నాకు నమ్మకం లేదు. కొబ్బరి దింపు అయ్యిందని నాన్న చెప్పారు. నేను బాగానే ఉన్నా, కువైట్‌లో ఈసారి చలి గట్టిగానే ఉంది, షెడ్డులో పొద్దున్నే స్పానర్ పట్టుకుంటే చెయ్యి జిల్లుమంటంది.

నువ్వు పంపిన వీడియో నాలుగుసార్లు చూశా. ముందు ఒక మాట అనేసి పనిలోకొస్తా. శ్లాబుకని నేను పంపిన డబ్బులు తీసుకెళ్ళి దిండిలో టూరిస్టుల్ని తిప్పుతానని నీళ్ళ మీద నడిపే స్కూటరు, అదే సెకండ్ హ్యాండ్ జెట్‌స్కీ కొన్నావ్, పోనీలే అనుకున్నా, జూలైలో వరదొస్తందని రేవులోంచి తీసి రొయ్యల చెరువు పాకలో పెట్టావ్, అది మంచి పనే, కానీ బ్యాటరీ వైరు పీకలేదు, పెట్రోలు తియ్యలేదు, ఇప్పుడు సంక్రాంతి వారం ఉందనగా స్టార్ట్ అవట్లేదన్నయ్యా అంటే ఒళ్ళు మండదా. సరే వదిలెయ్.

వీడియోలో నువ్వు బటన్ నొక్కితే టక్ మని ఒక్క సౌండొచ్చి ఆగిపోతంది, డిస్‌ప్లే కూడా మసకేస్తంది. వెనకాల నాన్న "ఇంకోసారి నొక్కరా" అంటున్నారు. నొక్కొద్దు! ఆ టక్ కి నాకు రెండే అనుమానాలు, బ్యాటరీ దిగిపోయుండాలి, లేదంటే సిలిండర్లో నీళ్ళుండి పిస్టన్ పైకి రాలేకపోతుండాలి. గాలైతే నలుగుద్ది, నీళ్ళు నలగవు కదా, బలవంతంగా తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగిపోద్ది. నేనొచ్చిన మొదటి ఏడు ఇదే చేశా, కొత్త బ్యాటరీ తగిలించి నొక్కుతూనే ఉన్నా, లోపల ఏదో విరిగినట్టు సౌండొచ్చింది, అప్పటి ముదీర్, అంటే మేనేజరు, రెండు నెలల జీతం కోసేశాడు. ఆ సౌండు ఇప్పటికీ చెవిలో ఉంది.

ఇంకోటి, నీళ్ళు నమలకుండా నిజం చెప్పు, జూలైలో దాన్ని కడిగినప్పుడు హోస్ పైపు పెట్టి ముందు నీళ్ళు తిప్పావా, ఇంజన్ స్టార్ట్ చేశావా? ముందు ఇంజన్, తర్వాత నీళ్ళు. ఆపేటప్పుడు ముందు నీళ్ళు కట్టేసి తర్వాత ఇంజన్. తిరగేసి చేస్తే నీళ్ళు సైలెన్సర్ నిండి వెనక నుంచి సిలిండర్లోకి వచ్చేస్తాయి. నా అనుమానం ఎక్కువ అక్కడే.

కాబట్టి ఇలా చెయ్యి. సీటు తీసి ఒక పావుగంట అలా వదిలెయ్, లోపల పెట్రోలు ఆవిరి ఉంటే పోవాలి, ఆ పక్కన ఎవరూ బీడీ కాల్చకూడదు. చెరువు ఏరేటర్లు చూసే ఎలక్ట్రీషియన్ దగ్గర మీటరుంటది, దాంతో బ్యాటరీ చూపించు. ఫుల్లయితే 12.6 వోల్టులు పైన ఉండాలి, 12.4 కన్నా తక్కువుంటే ఛార్జింగ్ పెట్టాలి. బయటికి తీసి స్లో ఛార్జర్ మీద పెట్టు, కారు ఇంజన్ ఆన్‌లో ఉంచి దాని బ్యాటరీ నుంచి వైర్లు తగిలించి జంపర్ కొట్టొద్దు. అసలే పోటు తగిలే చోటు మనది, టెర్మినల్స్ మీద తెల్లగా ఉప్పు పట్టుంటే గరుకు కాగితంతో రుద్దు. ఛార్జయ్యాక కూడా స్టార్టర్ తిరిగేటప్పుడు 10 కన్నా కిందకి పడిపోతంటే దాని పనైపోయినట్టే, కొత్తది కొనాల్సిందే.

బ్యాటరీ బాగున్నా సరే నేరుగా నొక్కొద్దు. ముందు నాలుగు ప్లగ్గులూ విప్పి, ప్లగ్గులకి కరెంటిచ్చే కాయిల్స్ కనెక్టర్లు పీకేసి పక్కన పెట్టి, ప్లగ్గు రంధ్రాల మీద పాత లుంగీ గుడ్డ కప్పి, మొహం దూరంగా పెట్టి, అప్పుడు రెండు మూడు సెకన్లు నొక్కు. నీళ్ళుంటే పిచికారీలాగా కొడతాయి. అయిపోయేదాకా ఆగి ఆగి తిప్పు. ఆయిల్ డిప్‌స్టిక్ కూడా చూడు, పాలు కలిపిన టీ రంగులో ఉంటే ఆయిల్లోకి నీళ్ళెళ్ళినట్టు, అప్పుడు మార్చకుండా స్టార్ట్ చెయ్యొద్దు.

పెట్రోలు ఆరు నెలలది, పైగా ఇప్పుడు మన బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ కలిపింది, ఇథనాల్ తేమ లాగేసుకుంటది. చేతి పంపుతో కాస్త తీసి గ్లాసు సీసాలో పోసి అరగంట ఉంచు, నీళ్ళు చేరుంటే అడుగున ఇంకో పొర కనిపిస్తది, కనిపిస్తే మొత్తం తీసెయ్యాల్సిందే. నోటితో పైపు పీల్చకు, నువ్వు పీలుస్తావని నాకు తెలుసు. ఎలుకలు వైర్లు కొరికాయేమో, గాలి తీసుకునే పెట్టెలో కొబ్బరి పీచు గూడు పెట్టాయేమో కూడా చూడు, పాకలో పెట్టిన ఏ బండికైనా ఇది తప్పదు. కింద నీళ్ళు వెనక్కి తోసే ఫ్యాన్, అదే ఇంపెల్లర్ దగ్గర గుర్రపుడెక్క చుట్టుకుందేమో చూసేటప్పుడు లానియార్డ్ క్లిప్పు, అదే చేతికి తాడుతో కట్టుకునేది, అది లేకపోతే ఇంజన్ స్టార్టవదు, తీసేసి చూడు.

అన్నీ సరిగ్గా ఉండి స్టార్టయితే గట్టు మీద నీళ్ళు పెట్టకుండా 15 సెకన్లు మించి తిప్పకు. రేవులో దింపే ముందు వెనకున్న డ్రెయిన్ ప్లగ్గులు రెండూ బిగించు, లేదంటే జనాలు చూస్తుండగా మునుగుద్ది.

ప్లగ్గులు తీశాక ఏది ఏ సిలిండర్దో నంబరేసి పేపర్ మీద వరసగా పెట్టి ఫోటో పంపు. నేను రూముకొచ్చేసరికి మీకు రాత్రి పదిన్నర అవుద్ది, చూసి చెప్తా. అప్పటిదాకా ఆ బటన్ జోలికి పోకు. క్లిప్పు తీసి అమ్మ చేతికివ్వు, నాన్నకి మాత్రం ఇవ్వకు.

మీ అన్నయ్య