ఆ అడ్రస్ తాళం ఎవరి దగ్గరుంది?

చిరంజీవి బుజ్జికి,
అమ్మ దీవెనలు.

రాత్రి ఫోన్లో నువ్వడిగినదానికి రెండు ముక్కల్లో జవాబు కుదరదు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. మీ రూమ్మేటు క్రిప్టో ఎక్స్ఛేంజి (డిజిటల్ నాణేలు కొని అమ్మే వేదిక) నుంచి యూఎస్‌డీటీ (డాలరు విలువకు ముడిపెట్టిన డిజిటల్ నాణెం) విత్‌డ్రా చేస్తూ తప్పు చోటికి పంపేశాడు, తిరిగొస్తుందా అన్నావు. ఎంత పంపాడన్నది తర్వాత. ఆ సొమ్ము ఇప్పుడు ఏ అడ్రస్‌లో ఉంది, ఆ అడ్రస్ ప్రైవేట్ కీ, అంటే దాన్ని తెరిచే రహస్య తాళంచెవి, ఎవరి చేతిలో ఉంది? వస్తుందా రాదా అన్నది పూర్తిగా ఈ ప్రశ్న మీదే ఆధారపడి ఉంది.

యూపీఐలో నంబరు కొట్టగానే అవతలివాళ్ల పేరు కనబడుతుంది. పొరపాటున పోయినా, మన బ్యాంకు అవతలి బ్యాంకును అడుగుతుంది. ఈ నాణేల లెక్కలు నమోదయ్యే బ్లాక్‌చెయిన్‌లో పేరూ లేదు, అడగడానికి అవతలి బ్యాంకూ లేదు. కీ ఉన్నవాడు సంతకం చేస్తే తప్ప నాణెం కదలదు.

ముందు విత్‌డ్రాయల్ హిస్టరీ తెరిచి చూడమను. ఇంకా ప్రాసెసింగ్ అని ఉండి, టీఎక్స్ ఐడీ (బ్లాక్‌చెయిన్‌లో ఆ లావాదేవీకి పడే గుర్తింపు) రాకపోతే సొమ్ము ఎక్స్ఛేంజి దాటలేదన్నమాట. క్యాన్సిల్ బటన్ ఉంటే వెంటనే నొక్కాలి, లేకపోతే సపోర్ట్ చాట్‌లో ఆపమని అడగాలి. టీఎక్స్ ఐడీ వచ్చేసిందంటే మాత్రం పంపిన ఎక్స్ఛేంజి ఇక దాన్ని వెనక్కి లాగలేదు. వాళ్లతో గంటలకొద్దీ వాదించి లాభం లేదు. ఆ ఐడీని కాపీ చేసి ఎక్స్‌ప్లోరర్‌లో, అంటే ఆ నెట్‌వర్క్ (సొమ్ము వెళ్లిన బ్లాక్‌చెయిన్) లావాదేవీలన్నీ చూపించే వెబ్‌సైట్‌లో, వెతకాలి: ట్రాన్ అయితే ట్రాన్‌స్కాన్, ఇథీరియం అయితే ఈథర్‌స్కాన్, బీఎన్‌బీ స్మార్ట్ చెయిన్ అయితే బీఎస్‌సీ స్కాన్. ఇక్కడ కొత్తవాళ్లు ఒకచోట కంగారుపడతారు. యూఎస్‌డీటీ లాంటి టోకెన్ పంపినప్పుడు పైన ‘టు’ అన్నచోట కనబడేది టోకెన్ కాంట్రాక్ట్ (ఆ నాణేన్ని నడిపే ప్రోగ్రామ్) అడ్రస్. అసలు ఎవరికి చేరిందో కింద టోకెన్ ట్రాన్స్‌ఫర్ వరుసలో ఉంటుంది. ఆ అడ్రస్, నెట్‌వర్క్, మొత్తం, స్టేటస్ రాసి పెట్టుకోమను.

అడ్రస్ సరైనదే, నెట్‌వర్క్ ఒక్కటే తప్పయితే చాలాసార్లు సొమ్ము ఎక్కడికీ పోదు. ట్రాన్ అడ్రస్ ‘టీ’ అక్షరంతో మొదలై 34 అక్షరాలుంటుంది. దాన్ని ఈఆర్‌సీ20 (ఇథీరియం నెట్‌వర్క్) ఎంచుకున్నచోట అతికిస్తే ఎక్స్ఛేంజే ఒప్పుకోదు. చిక్కంతా ‘సున్నా ఎక్స్’తో మొదలయ్యే 42 అక్షరాల అడ్రస్‌లతోనే. ఇథీరియం, బీఎన్‌బీ స్మార్ట్ చెయిన్, పాలిగాన్, ఆర్బిట్రమ్ అన్నిటికీ అడ్రస్ రూపం ఒకటే కాబట్టి, ఈఆర్‌సీ20 బదులు బీఈపీ20 (బీఎన్‌బీ స్మార్ట్ చెయిన్) నొక్కినా ఎవరూ అడ్డు చెప్పరు. అది వాడి సొంత మెటామాస్క్ (కీ తన దగ్గరే ఉండే వాలెట్ యాప్) అడ్రస్ అయితే భయం లేదు. ఒకే కీ ఆ చెయిన్‌లన్నిటికీ పనిచేస్తుంది. మెటామాస్క్‌లో బీఎన్‌బీ స్మార్ట్ చెయిన్ నెట్‌వర్క్ కలపాలి, చెయిన్ ఐడీ 56. తర్వాత ఎక్స్‌ప్లోరర్‌లో తన ట్రాన్సాక్షన్‌లోనే కనిపించే కాంట్రాక్ట్ అడ్రస్‌తో టోకెన్ ఇంపోర్ట్ చేసుకుంటే బ్యాలెన్స్ కనబడుతుంది. అక్కడి నుంచి కదపాలంటే గ్యాస్ (నెట్‌వర్క్ రుసుము) కోసం కాస్త బీఎన్‌బీ (ఆ చెయిన్ సొంత నాణెం) కావాలి. యూఎస్‌డీటీ ఎంత ఉన్నా ఆ రుసుము మామూలుగా బీఎన్‌బీలోనే కట్టాలి.

అదే ఇంకో ఎక్స్ఛేంజి ఇచ్చిన డిపాజిట్ అడ్రస్ అయితే కీ వాళ్ల దగ్గరుంటుంది. అప్పుడు అడగాల్సింది పంపినవాళ్లను కాదు, అందుకున్నవాళ్లను. తప్పు నెట్‌వర్క్‌లో వచ్చినదాన్ని తీసివ్వడానికి కొందరు రుసుము అడుగుతారు, కొందరు వారాలు పట్టిస్తారు, తమకు ఆ నెట్‌వర్క్ లేకపోతే కుదరదనీ అంటారు. అయినా అడగాలి.

ఎక్స్‌ఆర్‌పీ, స్టెల్లార్, టాన్ లాంటివాటిలో ఇంకో మెలిక ఉంది. ఎక్స్ఛేంజి తన కస్టమర్లందరికీ ఒకే అడ్రస్ ఇచ్చి, ఎవరిది ఏదో డెస్టినేషన్ ట్యాగ్‌తోనో మెమోతోనో గుర్తుపడుతుంది. ట్యాగ్ మరిచిపోతే సొమ్ము ఎక్స్ఛేంజికి చేరుతుంది కానీ వాడి ఖాతాలో పడదు. టీఎక్స్ ఐడీ, మొత్తం, పంపిన ఖాతా స్క్రీన్‌షాట్ జతచేసి టికెట్ పెట్టాలి. ఇది సాధారణంగా తేలుతుంది, కాకపోతే ఓపిక కావాలి.

ఇక నిజంగా పరాయి అడ్రస్‌కే పోతే? అక్షరం తప్పు కొట్టడం వల్ల ఇలా జరగడం అరుదు. బిట్‌కాయిన్, ట్రాన్ అడ్రస్‌ల చివర చెక్‌సమ్ (తప్పును పట్టించే అక్షరాలు) ఉంటుంది, తప్పు కొట్టిన అడ్రస్ దాన్ని దాటే అవకాశం కోట్లలో ఒకటి. ఇథీరియం అడ్రస్‌లో చెక్‌సమ్ పెద్ద, చిన్న అక్షరాల కలయికలోనే దాగి ఉంటుంది. అన్నీ చిన్నక్షరాలుగా రాస్తే ఆ రక్షణ పోతుంది. సొలానాకైతే అసలు చెక్‌సమే లేదు. అక్కడ ఒక్క అక్షరం మారితే, కీ ఎవరి దగ్గరా లేని అడ్రస్‌లో సొమ్ము ఇరుక్కుంటుంది. టోకెన్ కాంట్రాక్ట్ అడ్రస్‌నే వాలెట్ అనుకుని పంపేవాళ్ల గతీ అంతే.

ఎక్కువమంది మోసపోయేది పాత ట్రాన్సాక్షన్ల నుంచి అడ్రస్ కాపీ చేసుకునే అలవాటు వల్ల. నువ్వు తరచూ పంపే అడ్రస్ మొదటి, చివరి అక్షరాలు అచ్చంగా వచ్చేలా మోసగాడు ఒక అడ్రస్ తయారుచేసి, దాని నుంచి నీకు సున్నా మొత్తంతోనో, చిల్లర పైసలతోనో ఒక ట్రాన్సాక్షన్ తగిలిస్తాడు. వాలెట్ మధ్య అక్షరాలను చుక్కలతో దాచేస్తుంది కాబట్టి హిస్టరీలో రెండూ ఒకేలా ఉంటాయి. 2024 మే నెలలో ఒకరు ఇలాగే 1,155 రాప్డ్ బిట్‌కాయిన్లు (ఇథీరియం మీద నడిచే బిట్‌కాయిన్ ప్రతిరూపాలు), దాదాపు 6.8 కోట్ల డాలర్ల విలువైనవి, దొంగ అడ్రస్‌కు పంపేశారు. సంప్రదింపుల తర్వాత దొంగ చాలావరకు తిరిగిచ్చాడు కానీ అలాంటిది జరుగుతుందని ఆశ పెట్టుకోకూడదు. కాపీ చేసిన అడ్రస్‌ను అతికించేలోపు మార్చేసే మాల్‌వేర్లూ ఉన్నాయి. అందుకే అతికించాక మళ్లీ చదవాలి.

నువ్వు కూడా నీవి సొంత వాలెట్‌కు మార్చుకుంటానన్నావు కదా. అందుకునే వాలెట్‌లో రిసీవ్ నొక్కి, ముందు నెట్‌వర్క్ ఏదో చూడు, ఎక్స్ఛేంజిలో అదే ఎంచుకో. రుసుము తక్కువని ఇంకోటి నొక్కకు. అతికించిన అడ్రస్‌లో మొదటి ఆరు, చివరి ఆరు, మధ్యలో ఎక్కడైనా ఆరు అక్షరాలు పోల్చి చూడు. మధ్యవి ముఖ్యం, దొంగ సరిపోల్చలేనిది అక్కడే. ముందు కనీస మొత్తం పంపు. విత్‌డ్రాయల్ రుసుము ప్రతిసారీ విడిగా పడుతుంది కాబట్టి రెండుసార్లు కట్టాలి, కట్టు నాన్నా, అది దండగ కాదు. వచ్చినదాన్ని కొంచెం తిరిగి బయటకు పంపి చూడు, కీ నీ దగ్గరే ఉందని అప్పుడు ఖాయమవుతుంది. తర్వాత ఆ అడ్రస్‌ను ఎక్స్ఛేంజి వైట్‌లిస్ట్‌లో (నమ్మిన అడ్రస్‌ల జాబితాలో) దాచుకో, రెండోసారి అక్కడి నుంచే ఎంచుకో. చిన్న మొత్తంతో పరీక్షించి, పెద్ద మొత్తానికి హిస్టరీ నుంచి కాపీ చేస్తే ఆ పరీక్షంతా వృథా.

మీ రూమ్మేటు మోసపోయి పంపి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఇవాళే ఫోన్ చేయమను, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు పెట్టమను. యూఎస్‌డీటీని జారీ చేసే టెథర్‌కు అడ్రస్‌లను స్తంభింపజేసే వీలుంది, దర్యాప్తు సంస్థలు అడిగితే చేస్తుంది కూడా. దొంగ ఇంకో నాణెంలోకి మార్చేస్తే ఆ దారి మూసుకుపోతుంది, అందుకే తొందర. పోయినదాన్ని మన ఆదాయపన్ను లెక్కలో వేరే లాభాల్లోంచి తీసేసుకోవడం కూడా కుదరదు.

తన కష్టం ఎక్కడైనా రాసుకుంటే, రికవరీ చేసిపెడతామంటూ టెలిగ్రామ్‌లో మనుషులు దిగుతారు. ముందు రుసుము కట్టమంటారు, లేదా వాలెట్ సింక్ చేయాలంటూ దాన్ని పూర్తిగా తెరవగల 12 పదాల సీడ్ ఫ్రేజ్ అడుగుతారు. ఇస్తే మిగిలిందీ ఊడుస్తారు.

వాణ్ని టీఎక్స్ ఐడీ నాకు పంపమను, ఎక్కడ ఆగిందో చూసి చెబుతాను. సీడ్ ఫ్రేజ్ మాత్రం నాకు కూడా పంపొద్దని చెప్పు.

ఉంటాను,
అమ్మ