గోడ మీది బంకుల జాబితా ఎందుకు తుడిచేశానంటే

అందరికీ నమస్కారమండి. అంబాజీపేట కాలవగట్టు మీదున్న మన బైకుల షెడ్డు నుంచి రాస్తున్నాను. షెడ్డులోకి రాగానే ఎడం పక్క గోడ మీద సుద్దముక్కతో రాసిన పెట్రోలు బంకుల పేర్లు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. పైన నాలుగు పేర్లు, పక్కన "కొట్టించొచ్చు" అని. కింద మూడు, "వద్దు" అని. పోయిన ఆదివారం తడిగుడ్డ పెట్టి మొత్తం తుడిచేశాను. అప్పట్నుంచి వచ్చినవాళ్ళందరూ "ఏం, బంకువాళ్ళొచ్చి బెదిరించారా?" అని అడుగుతున్నారు. ఎవరూ బెదిరించలేదు. తప్పు నాది.

ఆ జాబితా ఎలా తయారైందో చెప్తే మీకే నవ్వొస్తుంది. బండి మిస్సవుతోందని, అంటే ఇంజను మధ్యమధ్యలో తడబడుతోందని ఎవరో వస్తారు. ఇంజనుకి పెట్రోలు అందించే కార్బొరేటర్ బౌలు విప్పితే అడుగున నీటి బొట్లు. "ఎక్కడ కొట్టించారు?" అంటాను, ఫలానా బంకులో అంటారు. ఒకే పేరు రెండు మూడుసార్లు వినపడితే ఆ బంకు కింది వరసలోకి పోయేది. అంతే, అదే మన పరిశోధన. ఎక్కువమంది కొట్టించే బంకు పేరు ఎలాగూ ఎక్కువసార్లు వినపడుతుందన్న ఇంగితం నాకు ఇన్నేళ్ళూ తట్టలేదు.

ఎండాకాలంలో ఆ కింది వరస బంకుల్లో ఒకదాని మేనేజరు చెయిను టైటు చేయించుకోడానికి వచ్చాడు. గోడ చూశాడు. కోప్పడతాడనుకున్నాను, కోప్పడలేదు. "మేస్త్రి గారూ, ఎప్పుడైనా పెట్రోలు డెన్సిటీ చూశారా?" అన్నాడు. అంటే లీటరు పెట్రోలు ఎన్ని గ్రాములు తూగుతుందన్న అంకె. నేను చూళ్ళేదు. చెయినుకి డబ్బులిచ్చి వెళ్ళిపోయాడు గానీ ఆ మాట మాత్రం ఇక్కడే ఉండిపోయింది.

రాజమండ్రి వెళ్ళి డెన్సిటీ కొలిచే హైడ్రోమీటరు, థర్మామీటరు, అర లీటరు గాజు జాడీ కొనుక్కొచ్చాను. ఏడు బంకుల్లోనూ లీటరు చొప్పున తెచ్చి చూశాను. మొదటిరోజు ఏడూ తప్పాయి! బంకులో 750 అని రాసున్నది నా జాడీలో 735 చూపించింది. దొంగలందరూ ఒక్కసారే దొరికారనుకున్నాను. ఆ మేనేజరుకి ఫోన్ చేసి గట్టిగానే మాట్లాడాను. "మీ దగ్గర ఇప్పుడు వేడెంతండీ?" అన్నాడు. 32 డిగ్రీలు. బంకులో రాసేది 15 డిగ్రీల దగ్గర లెక్కట. వేడికి పెట్రోలు పొంగుతుంది, పొంగితే పలచనవుతుంది, డిగ్రీకి పాయింటు కంటే కాస్త తక్కువ చొప్పున అంకె దిగుతుంది. 17 డిగ్రీల తేడాకి ఆ 15 పాయింట్లు సరిపోయాయి. ఈ లెక్కకి ప్రతి బంకులో ఒక పట్టిక ఉంటుంది. దాని జిరాక్సు ఆయనే ఇచ్చాడు. దాంతో సరిచేస్తే ఏడూ వాళ్ళ వాళ్ళ అంకెకి మూడు పాయింట్ల లోపే ఉన్నాయి. మూడు దాటితేనే అనుమానించాలి.

ఇక్కడ ఇంకో మాట. పెట్రోలు డెన్సిటీ 720 నుంచి 775 లోపు ఎంతైనా ఉండొచ్చు, లోడు లోడుకీ మారుతుంది. కాబట్టి "అక్కడ 742, ఇక్కడ 755, ఇక్కడిదే చిక్కటిది" అని పాలు కొన్నట్టు పోల్చుకోకండి. ఏ బంకు సరుకుని ఆ బంకులో ఆరోజు రాసిన అంకెతోనే చూడాలి.

సరే, పెట్రోలు బాగానే ఉంటే మరి ఆ నీళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చినట్టు?

ఒక మాస్టారి బండి రెండు నెలల్లో మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ ట్యాంకులో నీళ్ళే. మొదటిసారి బంకు మార్చమన్నాను, మార్చారు. రెండోసారి మళ్ళీ మార్చమన్నాను. మూడోసారి ఆయన అరుగు మీద కూర్చుని, "ఇంక మార్చడానికి బంకుల్లేవయ్యా, యానాం వెళ్ళమంటావా?" అన్నారు. ఆ రాత్రి షెడ్డు పుస్తకం తీసి ఆయన పేరున్న పేజీలు తిప్పాను. మూడుసార్లూ బండి ఆగిపోడానికి రెండు మూడు రోజుల ముందు మన దగ్గరే వాటర్ వాష్ చేయించారు.

మూత దగ్గర చూడండి, ట్యాంకు మూత చుట్టూ చిన్న పల్లం ఉంటుంది. అందులో పడ్డ వాన నీళ్ళు పోడానికి ఒక మూల సన్నటి బెజ్జం, దాని కింద నుంచి నేలకి ఒక గొట్టం. మాస్టారి బండికి ఆ బెజ్జం కొబ్బరి పొట్టుతో బిగుసుకుపోయి ఉంది. మన ఊళ్ళో గాల్లోనే పొట్టు ఎగురుతుంది కదా. పిన్నీసు పెట్టి లాగితే తడి పొట్టు వత్తిలా బయటికొచ్చింది. పైగా మూత రబ్బరు ఎండి బీటలిచ్చింది. మన కుర్రాడు ప్రెషర్ గన్ను తిన్నగా మూత మీదే పెట్టి కొడతాడు, మెరుస్తుందని. అలా కొట్టమని వాడికి నేర్పింది నేనే. నీళ్ళు నేనే పోసి, అవి తీసినందుకు డబ్బులు కూడా నేనే పుచ్చుకున్నానన్నమాట.

ఈ ఏడాది 14 బళ్ళ ట్యాంకులు కడిగాను. వారంలోపు మన దగ్గర వాష్ చేయించుకున్నవి అందులో అయిదు. ఇంకో మూడు, కిల్లీకొట్ల దగ్గర సీసాల్లో అమ్మే పెట్రోలు పోయించుకున్నవి. ఆ సీసాలు ఏం కడిగి, ఏం ఆరబెట్టి నింపుతారో నేను చెప్పలేను. రెండింటి సంగతి ఇప్పటికీ తేలలేదు.

మిగిలిన నాలుగూ మాత్రం బంకు తప్పే. పెద్ద వానలప్పుడు రెండ్రోజుల్లో నాలుగు బళ్ళూ ఒకే బంకు నుంచి వచ్చాయి. ట్యాంకులోంచి తీసి సీసాలో పోస్తే అడుగున మూడో వంతు వేరే పొరగా నిలబడింది. మన కోనసీమలో నాలుగడుగులు తవ్వితే ఊట. బంకు ట్యాంకులుండేది ఆ నేలలోనే. గజం బద్దకి పేస్టు రాసి ముంచితే అడుగున నీళ్ళున్నంత మేర రంగు మారుతుంది. వానాకాలంలో అది రోజూ చూసుకోవాలి, వాళ్ళు చూసుకోలేదు. మేం సీసా పట్టుకెళ్ళి చూపించాక అమ్మకం ఆపి తోడించారు. ఇద్దరికి ఖర్చులిచ్చారు, మిగతా ఇద్దరికి బిల్లు లేదని ఇవ్వలేదు. కాబట్టి ఎంతకి కొట్టించినా బిల్లు అడిగి తీసుకోండి.

సీసా అన్నాను కదా, ఫోన్లలో తిరిగే ఆ వీడియో గురించి కూడా. పెట్రోల్లో నీళ్ళు పోసి ఊపితే అడుగున నీళ్ళు పెరిగిపోతాయి, "చూశారా బంకోడి మోసం" అంటారు. అది మోసం కాదండి. ఇప్పుడొచ్చే పెట్రోల్లో నూటికి 20 పాళ్ళు ఇథనాల్. 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకుల్లో మొదలై ఇప్పుడు మామూలైపోయింది. చెరకు, మొక్కజొన్న, నూకలు, వీటి నుంచి తీస్తారు. ఇథనాల్‌కి పెట్రోలు కంటే నీళ్ళంటేనే ఇష్టం. పది గీతలు పెట్రోలు పోసి రెండు గీతలు నీళ్ళు కలిపి ఊపితే, పెట్రోల్లోని రెండు గీతల ఇథనాలూ కిందికి దిగి నీళ్ళలో కలుస్తుంది, అడుగు పొర నాలుగు గీతలవుతుంది. షెడ్డులో ఎవరడిగినా చేసి చూపిస్తాను. మీ బండి ట్యాంకులోనూ జరిగేది ఇదే. కాస్త చెమ్మయితే ఇథనాల్ తనలో కలుపుకుని ఇంజన్లో కాలిపోతుంది. నీళ్ళు మితిమీరితే రెండూ కలిసి అడుగుకి చేరతాయి. పెట్రోల్ కాక్ లాగేది ఆ అడుగు నుంచే. అందుకే స్టార్టయి, సందు చివర ఆగిపోతుంది.

మైలేజీ తగ్గిందన్న మాట మాత్రం అబద్ధం కాదు. ఇథనాల్లో వేడి పెట్రోల్లో మూడింట రెండొంతులే. పాత టూవీలర్లకి మూడు నాలుగు శాతం తగ్గొచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికలోనే రాశారు. యాభై ఇచ్చే బండి నలభై ఎనిమిది ఇస్తే సర్దుకోండి. ముప్ఫై ఎనిమిదికి పడిపోయి ఇథనాల్‌ని తిట్టుకుంటున్నారంటే మాత్రం బండి తీసుకురండి. బ్రేకు పట్టేస్తోందో, ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయిందో, టైర్లో గాలి లేదో చూద్దాం. పాత బళ్ళకి రబ్బరు గొట్టాలు, వాషర్లు కూడా ఒకసారి చూడాలి, కొన్ని త్వరగా గట్టిపడుతున్నాయి.

యానాం పెట్రోలు పలచన అని కూడా నేనే చాలామందికి చెప్పాను. అదీ వెనక్కి తీసుకుంటున్నాను. యానాం పుదుచ్చేరి కింద ఉంది, అక్కడ పన్ను తక్కువ, ఆ తేడాయే లీటరుకి పది రూపాయలకి పైన. ముమ్మిడివరం వైపువాళ్ళు ఎదుర్లంక వంతెన దాటి కొట్టించుకుంటే తప్పేం లేదు. అంబాజీపేట నుంచి అదే పనిగా వెళ్తే మాత్రం మిగిలింది దారిలోనే కాలిపోతుంది. కంపెనీని బట్టి మామూలు పెట్రోలు గొప్పా తక్కువా అనడం కూడా మానేశాను. కంపెనీలు ఒకరి దగ్గర ఒకరు సరుకు తీసుకోవడం ఎప్పుడూ ఉన్నదే. ఎక్కువ రేటు పెట్రోలు వంద సీసీ బండికి పోయించడం, నన్నడిగితే, దండగ. దాంట్లో గొప్పగా చెప్పే ఆక్టేన్ అంటే బలం కాదు, ఇంజను నాక్ కాకుండా, అంటే లోపల టకటకమని కొట్టుకోకుండా పెట్రోలు ఓర్చుకునే గుణం.

మరి బంకు ఎలా ఎంచుకోవాలంటే, అమ్మకం జోరుగా ఉన్నచోట కొట్టించండి, సరుకు నిలవుండదు. అనుమానమొస్తే అక్కడే ఫిల్టర్ పేపర్ అడగండి, ఇవ్వాలి. నాజిల్ మూతి తుడిచి ఒక చుక్క వేస్తే రెండు నిమిషాల్లో మరక లేకుండా ఆరిపోవాలి. కొలత మీద అనుమానమైతే అయిదు లీటర్ల క్యానుతో కొలిచి చూపించమనొచ్చు. అయిదు లీటర్లకి 25 మిల్లీలీటర్ల వరకు తేడా ఒప్పుకుంటారు, అది దాటితే కుదరదు. ట్యాంకరు దింపుతుంటే నేను పావుగంట ఆగుతాను, అది నా చాదస్తం.

మన షెడ్డులో ఇకనుంచి వాష్‌కి ముందు మూత మీద ప్లాస్టిక్ కవరేసి రబ్బరు బ్యాండు వేస్తాం. గన్ను మూత మీదికి రాదు. బెజ్జం శుభ్రం చేయడానికి డబ్బులు తీసుకోం. ట్యాంకు కడగాలంటే ముందు మీ పెట్రోలు సీసాలో పోసి మీ కళ్ళకి చూపించి, మీరు సరేనన్నాకే విప్పుతాం.

ఆ అయిదు బళ్ళవాళ్ళకీ కడిగినందుకు తీసుకున్న 350 వెనక్కిస్తున్నాను, బిల్లు తేనక్కర్లేదు, పుస్తకంలో ఉంది. నలుగురు తీసుకున్నారు. మాస్టారు వద్దంటున్నారు. ఆయనవి మూడుసార్లవీ కలిపి 1050 కవర్లో పెట్టి, పైన పేరు రాసి సొరుగులో ఉంచాను. ఈసారి వాష్‌కి వచ్చినప్పుడు బండి సీటు కింద పెట్టేస్తాను, ఎవరూ ఆయనకి చెప్పకండి.